ఇంటర్వెల్ కబుర్లు: బాన్సువాడ బస్సు దిగినాక...

ఈ వారం వచ్చిన ఉత్తరాల కట్ట విప్పుతుంటే ఒక కవరు మీద చెయ్యి ఆగిపోయింది. పోస్టాఫీసు ముద్ర సగం చెరిగిపోయింది గానీ మిగిలిన సగం చదవడానికి నాకు కళ్ళజోడు అక్కర్లేదు. బాన్సువాడ! మా ఊరు!

మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి అదే ముందు చించాను. (హీరోయిన్ల ఎత్తూ, హీరోల చెప్పుల సైజూ అడిగిన మిత్రులు క్షమించాలి. వచ్చేవారం మీ వంతు!) ఇదీ ఆ ఉత్తరం:

"అన్నా, నమస్తే. నేను డిగ్రీ రెండో సంవత్సరం సదువుతున్న. మనది బాన్సువాడనే. ఇప్పటిదాక హైదరాబాదు సూడలే. శనివారం పొద్దుగాల బస్సెక్కి వస్త, ఆదివారం రాత్రికి వాపసు పోత. ఖర్సులకు రెండు వేలున్నయ్. సినిమా పిచ్చోడు సూడాల్సినవి ఏమేమున్నయో వరుసగ రాయి. నీకు పున్నెముంటది."

ఇంతే అయితే బాగుండేది. సంతకం కింద ఇంకో నాలుగు లైన్లు ఉన్నాయి. చిన్న అక్షరాలతో, సిగ్గుపడుతూ రాసినట్టున్నాయి. అవేమిటో చివర్లో చెబుతాను. ఇంటర్వెల్ కాకముందే క్లైమాక్సు చెప్పేస్తే మీరంతా లేచి వెళ్ళిపోరూ!

ముందు మా ఊరి గురించి ఒక్క ముక్క. ఒకప్పుడు "మీదే ఊరండీ?" అని ఎవరన్నా అడిగితే "బాన్సువాడ" అనేవాణ్ణి. "అదెక్కడ?" అనేవారు. నిజామాబాదు జిల్లా అని, నిజాంసాగర్ దగ్గరని, వరి బాగా పండుతుందని వివరాలు చెప్పాల్సి వచ్చేది. 2017లో శేఖర్ కమ్ముల 'ఫిదా' తీశాడు. సాయిపల్లవి భానుమతిగా వచ్చి బాన్సువాడ పేరు లోకమంతా మోగించింది. అప్పటినుంచి నాకు వివరణల బాధ తప్పింది. మధ్యలో 2016లో ఊరు కామారెడ్డి జిల్లాలోకి మారింది కూడా. అయినా ఎవరూ జిల్లా పేరు అడగట్లేదు. "ఓహో, భానుమతి వాళ్ళ ఊరా!" అంటున్నారు. సినిమా బలం అలాంటిది మరి!

ఇంకో సంగతి విను తమ్ముడూ. హైదరాబాదులో దిగగానే పరాయి ఊరికొచ్చానని బెంగపడకు. మన మంజీర ముందు సింగూరు దగ్గర ఆగుతుంది. అక్కణ్ణించి కొన్ని నీళ్ళు పట్నం కుళాయిల్లోకి పోతాయి. ఆ తర్వాతే కిందికి, 1931లో కట్టడం పూర్తయిన మన నిజాంసాగర్‌కి వస్తాయి. అంటే పట్నంవాళ్ళు మనకంటే ముందు మన ఏటి నీళ్ళు తాగుతున్నారన్నమాట! ఎవరన్నా "ఏ ఊరు నుంచొచ్చావ్?" అని చిన్నచూపు చూస్తే ఈ మాట గుర్తు తెచ్చుకో. పైకి మాత్రం అనకు. నీళ్ళ గొడవలు మనకెందుకు!

ఇక ప్రోగ్రాం.

శనివారం. బస్సు నిన్ను జె.బి.ఎస్.లో దింపినా, ఇమ్లీబన్ అని పిలుచుకునే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దింపినా చింత లేదు. ఆ రెంటినీ కలుపుతూ 2020 నుంచి మెట్రో నడుస్తోంది. ఆటోవాడితో బేరం అక్కర్లేదు. పైగా ఆ దారి మధ్యలో ఉన్న ఒక స్టేషన్ పేరు వింటే నీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ సంగతి సాయంత్రానికి వస్తుంది, కాస్త ఓపిక పట్టు.

మెట్రోలో చివరిదాకా పోయి ఇమ్లీబన్ దగ్గర దిగు. మూసీ ఒడ్డున కాస్త నడిస్తే సాలార్‌జంగ్ మ్యూజియం. (శుక్రవారం సెలవు. శనివారం రమ్మన్నది అందుకే!) పన్నెండు కొట్టే వేళకి లోపల ఉండాలి. అక్కడొక పాత గడియారం ఉంది. గంట గంటకీ అందులోంచి చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంటలు కొట్టి లోపలికెళ్ళిపోతాడు. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు, అందుకే ఆ వేళకి జనం ఎక్కువ. ఏ హీరో ఎంట్రీకీ తీసిపోదు సుమా! తర్వాత ముసుగు రెబెకాని చూడు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీది పల్చని మేలిముసుగు కూడా రాయే. తెర మీద క్లోజప్ ఎందుకు పెడతారో ఆ బొమ్మ ముందు అయిదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

అక్కణ్ణించి చార్మినార్. 1591 నాటి కట్టడం. నువ్వు 'ఒక్కడు' చూసే ఉంటావు. 2003లో వచ్చిన ఆ సినిమా కోసం గుణశేఖర్ చార్మినార్ సెట్టే వేయించాడు. అసలుది చూశాక ఆ సినిమా మళ్ళీ ఒకసారి చూడు, కళాదర్శకుడికి దండం పెడతావు. పక్కనే లాడ్ బజారు. ఇంట్లో అక్కో చెల్లెలో ఉంటే లక్క గాజులు తీసుకో. చెప్పిన ధరకి సగం అడుగు. వాడు కోపం నటిస్తాడు. నువ్వు వెళ్ళిపోతున్నట్టు నటించు. ఎవరి నటన బాగుంటే వాళ్ళదే గెలుపు! ఇరానీ హోటల్లో చాయ్ తాగు, ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిను. మనూరి చాయ్‌లా సలసల కాగించి చేతికిచ్చేది కాదిది. డికాక్షన్ వేరే, పాలు వేరే మరిగి గ్లాసులో కలుస్తాయి.

సాయంత్రం మళ్ళీ మెట్రో ఎక్కు. ఇందాక దాచిన స్టేషన్ పేరు ఇదే: ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్!

తెలుగు సినిమా జాతకం తేల్చే చౌరస్తా ఇది. సంధ్య, దేవి, సుదర్శన్, సప్తగిరి... పేపర్లో "నేడే విడుదల" కింద చదివిన పేర్లన్నీ ఇక్కడ బోర్డులై కనిపిస్తాయి. కటౌట్లూ, పూలదండలూ, కాగితం ముక్కల వాన, ఈలలూ... శనివారం మొదటి ఆటకి ఒక టికెట్ తీసుకో. ఒకే తెర ఉన్న పెద్ద హాల్లో వెయ్యి మంది ఒక్కసారి నవ్వితే ఎలా ఉంటుందో ఇంట్లో ఫోన్‌లో సినిమా చూసేవాడికి ఎవరు చెప్పగలరు!

కానీ ఒక్క మాట, నవ్వకుండా విను. విడుదల ముందురోజు రాత్రి ఆటకి, హీరో వస్తాడన్న ఆటకి మాత్రం వెళ్ళకు. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' ప్రదర్శన అప్పుడు ఈ చౌరస్తాలోనే తొక్కిసలాట జరిగింది. కుటుంబంతో సినిమా చూద్దామని వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. ఆమె కొడుకు, చిన్న పిల్లవాడు, తీవ్రంగా గాయపడ్డాడు. బుధవారం రాత్రి చూసినా, తర్వాతి సోమవారం చూసినా తెరమీది బొమ్మ ఒక్కటే కదా తమ్ముడూ! అభిమానానికి ముందు వరుస అక్కర్లేదు.

రాత్రి పడక? లాడ్జి కన్నా చుట్టాలిల్లు మేలు. బాన్సువాడవాళ్ళకి ఈ పట్నంలో ఎవరో ఒక మేనత్తో చిన్నమ్మో ఉండకుండా ఉండరు. రెండు వేలు నిలవాలంటే ఇదొక్కటే దారి.

ఆదివారం. ఉదయం తొమ్మిది పది గంటలకి అబిడ్స్ వెళ్ళు. దుకాణాలు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ తెరిచి ఉంటుంది! ఆ వీధి పొడుగునా పాత పుస్తకాలు. ఇంజనీరింగ్ గైడుల కింద, డిటెక్టివ్ నవలల కింద ఓపిగ్గా వెతుకు. పాత సినిమా వారపత్రికలు దొరుకుతాయి, అదృష్టం బాగుంటే పాటల పుస్తకాలూ దొరుకుతాయి. ఇంటర్వెల్లో అమ్మిన ఆ పల్చటి పుస్తకాల వెనక సంక్షిప్త కథ ఇచ్చి, "మిగతా వెండితెరపై చూడుడు" అన్న ధోరణిలో ముగించేవారు. ఆ కథ చదివి అటకెక్కిన సినిమాలు ఎన్నో ఊహించుకున్నాన్నేను.

మధ్యాహ్నం గోల్కొండ. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బాలాహిసార్‌లో వినపడుతుంది. సౌండ్ ఇంజనీరు లేని రోజుల్లో చేసిన రీరికార్డింగు అనుకో! రామదాసు చెర కూడా అక్కడే. ఆ పాత్రని 1964లో చిత్తూరు నాగయ్య, 2006లో నాగార్జున వేశారు. చెరలో పైకప్పులోంచి పడే వెలుతురు చూశాక ఆ రెండు సినిమాల్లో ఏది నిజానికి దగ్గరగా ఉందో నాకు రాయి.

పొద్దు వాలే వేళకి ట్యాంక్‌బండ్. ఆ వరుస విగ్రహాలు ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో పెట్టించినవి. హుస్సేన్‌సాగర్ నడిమి బుద్ధుడి వెనకా ఆయన కోరికే ఉంది. 1990లో తీసుకెళ్తుంటే విగ్రహం నీళ్ళలో మునిగింది, కొందరి ప్రాణాలూ పోయాయి. రెండేళ్ళు నీళ్ళ అడుగున ఉన్న బుద్ధుణ్ణి 1992లో పైకి తీసి నిలబెట్టారు. ఆ పక్కనే ప్రసాద్స్ ఉంది. 2003లో తెరిచారు. ఇప్పుడక్కడ ఐమ్యాక్స్ పద్ధతి లేకపోయినా జనం నోట పేరు మాత్రం ఇంకా ఐమ్యాక్సే. ఆ హాలు పేరులోని ప్రసాద్ మన ఎల్.వి. ప్రసాద్. హిందీ, తమిళ, తెలుగు భాషల్లో మొదటి టాకీలు మూడింట్లోనూ వేషం వేసిన మనిషి!

రాత్రి జె.బి.ఎస్.కి వెళ్ళే ముందు ఆకలేస్తే దగ్గర్లోనే పారడైజ్. ఆ బిర్యానీ పేరు వెనక ఒక సినిమా హాలుంది. పారడైజ్ టాకీసుని ఆనుకుని 1953లో చిన్న కేఫ్‌గా మొదలైంది. హాలు పోయింది, బిర్యానీ మిగిలింది.

రామోజీ ఫిల్మ్‌సిటీ ఏదీ అంటావు. అది 1996 నుంచి ఉంది. ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియోగా గిన్నిస్‌కెక్కింది. దానికి ఒక పూట చాలదు, రోజంతా కావాలి. టికెట్టే వెయ్యి రూపాయలు దాటుతుంది. ఈసారికి వద్దు, స్నేహితులతో కలిసి వచ్చినప్పుడు చూద్దువు. (చెల్లెళ్ళకో మాట. 2023 డిసెంబరు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా మీకు బస్సు టికెట్ లేదు. ఆధార్ కార్డు మరవకండి.)

అయిపోయిందా? లేదు. ఆదివారం తెల్లవారుజామున చూడాల్సింది ఒకటి కావాలనే దాచిపెట్టాను. కృష్ణానగర్!

షూటింగులున్న రోజయితే అయిదింటికే అక్కడ లోకం మేలుకుంటుంది. చాయ్ బండ్ల దగ్గర జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్‌వాళ్ళు, డ్రైవర్లు. ఎవరి బండి ఎటు పోతుందో, ఈ రోజు పని ఉందో లేదో కనుక్కుంటూ నిలబడి ఉంటారు. నువ్వు తెరమీద పెళ్ళి సీన్లో చూసే రెండొందల మంది చుట్టాలు వీళ్ళే. చాయ్ తాగు, చూడు, మాటలు విను. సినిమా అంటే ఏమిటో అక్కడ తెలిసినంతగా ఏ హీరో ఇంటి గేటు దగ్గరా తెలియదు.

గేటు మాట వచ్చింది గనక నా కథ కూడా చెప్పేస్తాను.

1983 చివర్లో 'ఖైదీ' వచ్చింది. ఆ సినిమా చూసి తల తిరిగిపోయిన లక్షల మందిలో నేనొకణ్ణి. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. అప్పటికింకా సినిమావాళ్ళలో చాలామంది మద్రాసులోనే ఉన్నారు. మద్రాసు దాకా చార్జీలు లేవు. హైదరాబాదులో అక్కినేని స్టూడియో కట్టి ఏడెనిమిదేళ్ళయింది, అమీర్‌పేటలో సారథి అంతకు ముందునుంచీ ఉంది, కాబట్టి ఇక్కడే నా భవిష్యత్తు ఉందని తేల్చుకున్నాను. యాసంగి వరికి యూరియా బస్తాల కోసం మా బాపు పెట్టెలో దాచిన మూడొందల యాభై రూపాయలు తీసి, తెల్లారకముందే బస్సెక్కాను. గౌలిగూడ రేకుల బస్టాండులో దిగాను. (2018లో కూలిపోయింది ఆ రేకుల కప్పు. పేపర్లో బొమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను.)

ఒక స్టూడియో గేటు ముందు నిలబడ్డాను. రెండో గంటకే ఒకాయన వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ప్రొడక్షన్ మేనేజరునన్నాడు. "ముఖంలో కళ ఉంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను పడిపోయాను తమ్ముడూ! ఫోటోల ఆల్బమ్‌కీ, మేకప్ టెస్టుకీ మూడొందలు తీసుకున్నాడు. "రేపు పొద్దున ఇక్కడే ఉండు, కారు పంపుతా" అన్నాడు. ఆ రేపు వచ్చింది, ఎల్లుండీ వచ్చింది, కారు రాలేదు. రెండు రాత్రులు గోడవార పడుకున్నాను. మూడోనాడు వాచ్‌మన్‌కి జాలేసి, "ఆ పేరు గల మనిషి ఇక్కడ లేడు, ఇంటికి పోరాదు" అన్నాడు.

దగ్గర్లోని చాయ్ హోటల్ ముసలాయన నన్ను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాడట. పిలిచి బన్నూ చాయ్ పెట్టాడు. బస్సు చార్జీ చేతిలో పెట్టి, "మళ్ళొచ్చినప్పుడు ఇయ్యి బేటా. ముందు మీ అమ్మకు ముఖం చూపెట్టు" అన్నాడు.

చీకటి పడ్డాక బాన్సువాడ బస్టాండులో దిగాను. తుండుగుడ్డ నెత్తికి చుట్టుకుని మా బాపు సిమెంటు బెంచీ మీద కూచుని ఉన్నాడు. మూడు రోజుల్నించీ హైదరాబాదు నుంచి వచ్చే ప్రతి బస్సు దగ్గరికీ పోయి, దిగేవాళ్ళ ముఖాలు చూస్తున్నాడని తర్వాత కండక్టర్ చెప్పాడు. కొడతాడనుకున్నాను. దగ్గరికొచ్చి, "తిన్నవా?" అని మాత్రం అడిగాడు. పైసల మాట ఆ రోజూ ఎత్తలేదు, చనిపోయేదాకా ఎత్తలేదు. ఆ యేడు మా మడికి యూరియా పడలేదు. పక్క మడి ఆకుపచ్చగా, మాది పచ్చబడి కనిపించేది. రోజూ ఆ గట్టుమీద నడిచే కాలేజీకి పోయేవాణ్ణి.

నాలుగేళ్ళ తర్వాత డిగ్రీ చేసి, చిన్న ఉద్యోగం వచ్చి, చెప్పి మరీ హైదరాబాదు వచ్చాను. మొదటి జీతంతో ఆ హోటల్‌కి పోతే ముసలాయన నన్ను గుర్తుపట్టలేదు. "ఇట్ల ఎందరికో ఇచ్చిన బేటా. నువ్వు ఎవరివో నాకేం యాది?" అని నవ్వాడు. అప్పటినుంచీ ఈ పట్నం నాదే అయిపోయింది.

ఇప్పుడు ఆ ఉత్తరం అడుగున ఉన్న నాలుగు లైన్లు:

"అన్నా, ఇంట్ల చెప్పకుండ వస్తున్న. ఫోన్ల ఒకాయన పరిచయమైండు. పెద్ద సిన్మాల ఆడిషన్ ఉందట. పదిహేను వేలు తెమ్మన్నడు, ఎట్లనో జమ చేసిన. ఎవ్వరికి చెప్పకు."

ఎవ్వరికీ చెప్పకన్నావు. లక్షమందికి చెప్పాను, నీ పేరు మాత్రం చెప్పలేదు. మాట సగం నిలబెట్టుకున్నాననుకో!

తమ్ముడూ, నా కాలంలో ఆ మనిషి గేటు దగ్గర నిలబడేవాడు. ఇప్పుడు నీ జేబులోని ఫోన్‌లోనే ఉన్నాడు. మనిషి మారలేదు, చోటు మారింది. ఒక్క గుర్తు చెబుతాను: నిజంగా నటుడు కావలసినవాడు నీ దగ్గర పైసలు తీసుకోడు, నీకే ఇస్తాడు. కృష్ణానగర్లో నిలబడే జూనియర్ ఆర్టిస్టు కూడా రోజు కూలీ తీసుకునే వస్తాడు, కట్టి రాడు. ఇప్పటికే కొంత పంపి ఉంటే సిగ్గుపడి ఊరుకోకు. వెంటనే 1930 నంబరుకి ఫోన్ చెయ్యి. ఇలాంటి మోసాలకోసమే పెట్టిన ప్రభుత్వ నంబరది. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

నటన మీద నిజంగానే మనసుంటే డిగ్రీ కానియ్యి. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో నాటక కళల శాఖ ఉంది, ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. సినిమా చదువు చెప్పే కాలేజీలూ ఉన్నాయి, వాటికి ఫీజులెక్కువ. ఇవేవీ కాకపోతే నలుగురు స్నేహితులు కలిసి నిజాంసాగర్ కట్టమీద ఫోన్‌తోనే చిన్న సినిమా తియ్యండి. బాగా రాకపోతే ఇంకొకటి తియ్యండి. అంత అందమైన లొకేషన్ దగ్గర పెట్టుకుని పదిహేను వేలు పట్నానికి మోసుకొస్తావా!

ఇక ఆఖరి సిఫారసు. పైన రాసిన లిస్టంతటికీ ఇదే ముందు చెయ్యాల్సిన పని. ఈ పేజీ చించి మీ బాపు చేతిలో పెట్టు. కోప్పడతాడు, పడనీ. ఒక పూట మాట్లాడడు, ఊరుకో. తర్వాత ఆయన్ని కూడా బస్సెక్కించు. 'ఫిదా'లో భానుమతికి నాన్నని వదిలి వెళ్ళడమే పెద్ద సమస్య అయింది. నీకా సమస్యే లేకుండా ఇద్దరూ కలిసి రండి. సాలార్‌జంగ్‌లో ఆ గడియారం బొమ్మ బయటికొచ్చినప్పుడు మీ బాపు ముఖం చూడు. క్రాస్ రోడ్స్‌లో మొదటి ఆటకి రెండు టికెట్లు తీసుకో, ఇంటర్వెల్లో ఆయనకి సమోసా కొనిపెట్టు. పదిహేను వేలల్లో ఆ ఖర్చు ఎంత!

వచ్చేముందు ఒక ఉత్తరం ముక్క రాయి. ఆదివారం పొద్దున కృష్ణానగర్లో చాయ్ నా లెక్కలో. ఆ ముసలాయన బాకీ ఇంకా తీరలేదు, నీ ద్వారా కాస్త తీర్చుకుంటాను.

వచ్చేవారం: "సినిమా మొదలవడానికి పది నిమిషాల ముందే ఎందుకు వెళ్ళాలి?" అని అడిగిన కరీంనగర్ చెల్లెలికి జవాబు. అంతదాకా సెలవు!